భోజన్న పళ్లెంలో నాప్‌కిన్

మంజీర పొంగి మా రెంజల్ దిక్కు చెరుకంతా మునిగిన ఏడు నుంచి లెక్కపెడితే మొన్నటిది నాలుగో క్రిస్మస్. ఆ రోజు నాకొక సత్యం బోధపడింది. అన్నం తినడానికి వీల్లేని బల్లే అసలైన భోజనాల బల్ల!

నవ్వకండి. నేను మూడో తరగతి దాకా చదివినవాణ్ణి. అక్కడ నేర్చుకున్న మాటల్లోనే సగం ఇంకా వాడకుండా దాచుకున్నాను. అలాంటివాడు నోరు తెరిచాడంటే ఏదో విషయం ఉంటుందని మీరే ఒప్పుకోవాలి.

ముందు మా పాత పద్ధతి ఎంత మోటో చెబుతాను. మాది తాతల నాటి నుంచి చర్చికి పోయే ఇల్లు. పండుగ నాడు చాపలు పరిచి, అందరినీ బంతిలో కూర్చోబెట్టి, మోదుగాకు విస్తళ్లలో బగారన్నం, మటన్ కూర వడ్డించేవాళ్లం. తినేవాడు చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందులోంచి ఇంకో గరిటె పడేది. ఎంత హింస! పైగా ఎదురు వరుసలో కూర్చున్నవాడి ముఖం కనిపించేది. కనిపించాక వాడితో మాట్లాడాల్సి వచ్చేది.

మా కోడలు వినీత ఈ బాధలన్నీ ఒక్క దెబ్బకు తీర్చింది. నిజామాబాద్‌లో నా కొడుకు నరేందర్ కట్టుకున్న ఇంట్లో ఎనిమిది కుర్చీల డైనింగ్ టేబుల్ ఉంది. పండుగకు వారం ముందు నుంచే ఆమె ఫోన్‌లో వీడియోలు చూస్తూ దాన్ని 'స్టైలింగ్' చేయడం మొదలుపెట్టింది. థీమ్ పేరు రస్టిక్. పల్లెటూరి తీరు అని దాని అర్థమట.

పల్లెటూరి తీరు ఎలా ఉంటుందో అరవై ఏళ్లు పొలంలో బతికిన నాకు అప్పుడే తెలిసింది! బల్ల మీద పొడుగునా గోనెపట్ట. మేం వానకు నెత్తిన కప్పుకునేదే. ఇక్కడ దాని పేరు రన్నర్, ఆన్‌లైన్‌లో వచ్చింది. గాజు కూజాలో నిలబెట్టిన చెరుకు ముక్కలు. గాజు గిన్నెలో పసుపు కొమ్ములు. చుట్టూ ఏవో ఎండిన కాయలు. అవి తినడానికీ కాదు, మందుకూ కాదు, విత్తనానికీ పనికిరావు. నడిమధ్యలో మూరెడు ఎత్తున ఆరు కొవ్వొత్తులు. ఒక్కో కుర్చీ ముందు ఒక పెద్ద ప్లేటు, దాని మీద ఒక చిన్న ప్లేటు.

"కింది ప్లేటు దేనికి బిడ్డా?" అని అడిగాను.

"దాని మీది ప్లేటు పెట్టడానికి మామయ్యా."

"మరి బగారన్నం గంజు ఏడ పెడ్తవ్?"

"అది కిచెన్‌లనే ఉంటది. ఈడ పెడితే లుక్ ఖరాబైతది."

చూశారా లాభం! తక్కువ తినండి, తక్కువ తినండి అని డాక్టర్లు మొత్తుకుంటున్నారు. వింటున్నామా? అదే, అన్నాన్ని బల్ల మీదికే రానివ్వకపోతే షుగర్ ఎక్కడి నుంచి వస్తుంది, బీపీ ఎక్కడి నుంచి వస్తుంది?

కొవ్వొత్తుల మేలు ఇంకా పెద్దది. అవి మధ్యలో ఉంటే ఎదుటివాడి ముఖం కనిపించదు. ఒకరి ముఖం ఒకరు చూసుకోనివాళ్లను కూడా ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టవచ్చు! ఆ అవసరం ఎవరికి ఉంటుందంటారా? నాకు ఉంది.

భోజన్నకూ నాకూ పొలం గట్టు ఒకటే. మా నాన్న కాలంలో వాళ్ల ఇళ్లవాళ్లు మా వాడలో మంచినీళ్లు కూడా ముట్టేవారు కాదు. మా చాప మీద కూర్చుని మా విస్తట్లో తిన్న మొదటివాడు భోజన్న. ముప్పై క్రిస్మస్‌లు తప్పకుండా వచ్చాడు. మంజీర వచ్చిన ఏడు నా చెరుకులో నీళ్లు నిలుస్తున్నాయని, అతనికి చెప్పకుండా గట్టు తెంపాను. నీళ్లు అతని పసుపులోకి పోయాయి. దుంప కుళ్లింది. అతను తిట్టలేదు, పంచాయితీ పెట్టలేదు. మా ఇంటికి రావడం మానేశాడు, అంతే. తప్పు నాదని నాకు తెలుసు. ఒక్క మాట అంటే పోయేది. మూడు క్రిస్మస్‌లు పోయాయి గానీ మాట రాలేదు.

ఈసారి నా మనుమరాలు దీక్షిత అతనికి ఫోన్ చేసి పిలిచింది. వచ్చాడు! ఇస్త్రీ ధోతి కట్టుకుని, చేతిలో అరటిపండ్లతో బోధన్ బస్సు దిగి వచ్చాడు. తక్కిన కుర్చీల్లో మావాళ్లు. కొవ్వొత్తులకు ఆ పక్క అతను, ఈ పక్క నేను. ఎంత సుఖం!

స్టైలింగ్ మహిమ అప్పుడు చూశాను. ప్రతి ప్లేటులో మడతపెట్టిన తెల్లటి కొత్త గుడ్డ, దానికి ఎర్ర రిబ్బన్, పక్కన పేరు రాసిన కార్డు. భోజన్న కార్డు మీద దీక్షిత ముత్యాల్లాంటి అక్షరాలతో 'భోజన్న తాత' అని రాసింది. మా దిక్కు ఒక మనిషిని ఇంటికి పిలిచి పళ్లెంలో కొత్త బట్ట పెట్టారంటే దానికి అర్థం ఒకటే, నువ్వు మావాడివని. పొరపొచ్చాలు వచ్చినవాళ్లు కలిసిపోయేటప్పుడూ భుజం మీద కొత్త తువ్వాల వేస్తారు. ఆ తర్వాత పాత సంగతి ఎవరూ ఎత్తరు.

భోజన్న కార్డు చదువుకున్నాడు. రిబ్బన్ విప్పాడు. గుడ్డను కళ్లకద్దుకుని భుజం మీద వేసుకున్నాడు. కొవ్వొత్తుల పక్క నుంచి మెడ వంచి నన్ను వెతికాడు.

"లింబన్నా, నోటితోని అనకపోతివి. గిట్లన్న అన్నవ్. సాలు తియ్."

చెప్పండి! నేను ఇన్నేళ్లూ అనలేని మాటను జానెడు గుడ్డ అనేసింది. ఇంతకంటే ఏం కావాలి?

వినీత అప్పటికే ఫోన్ పట్టుకుని కుర్చీ ఎక్కి ఉంది.

"అంకుల్, అంకుల్! అది తువ్వాల కాదు, నాప్‌కిన్. ఎనిమిదింటి సెట్టు. ప్లేటులనే పెట్టుండ్రి, ఫోటో అయిపోనీయండి."

అందరూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, పండుగ నవ్వే.

"గట్లనా బిడ్డా," అన్నాడు భోజన్న. "మరి దీంతోని ఏం జేస్తరు?"

"మూతి తుడుసుకునేటివే అంకుల్. గని ఇవి తుడిసేటియి కావు, డెకరేషన్‌కు."

భోజన్న గుడ్డను భుజం మీంచి తీశాడు. నాలుగు మడతలు వేసి ప్లేటులో పెట్టాడు. రిబ్బన్ కట్టబోయాడు. పసుపు తవ్వి మొద్దుబారిన వేళ్లకు ఆ ముడి రాలేదు. పక్కన పెట్టి లేచాడు.

"బోధన్ బస్సుకు యాళ్లయింది."

"తిని పోదువు ఆగు పెద్దబాపూ," అన్నాడు నరేందర్.

"మీరు ఫోటో దిగుండ్రి బిడ్డా."

గడప దగ్గర ఆగి చెప్పులు తొడుక్కున్నాడు. రెండు చెప్పులు తొడగడానికి అంత సేపు పట్టదు. ఎవరైనా ఒక్క మాట అంటే ఆగేవాడు. ఆ ఎవరైనా అనేవాణ్ణి నేనే. అతను మెట్లు దిగి పోయాడు.

ఫోటో మాత్రం చాలా బాగా వచ్చింది. ఏడుగురం నవ్వుతున్నాం, ఎనిమిదో కుర్చీ ఖాళీ. ఖాళీ కుర్చీ వల్లే అందం వచ్చిందని ఎవరో కామెంట్ కూడా పెట్టారట. తర్వాత చల్లారిన బగారన్నాన్ని కిచెన్‌లో నిలబడి తిన్నాం. బల్ల మీద ఒక్క మెతుకు పడలేదు.

కాబట్టి బల్లను ఎవరూ ఏమీ అనకండి. దానికి నోరు లేదు. వినీతను అసలే అనకండి. గట్టు సంగతి, తువ్వాల సంగతి ఆమెకు ఎవరు చెప్పారు? చెప్పాల్సినవాడు మూడు తరగతుల మాటల్ని మూట కట్టుకుని కొవ్వొత్తుల చాటున హాయిగా కూర్చున్నాడు. కొవ్వొత్తులు ఇప్పుడొచ్చాయి. నేను చాటున కూర్చోవడం మొదలుపెట్టి నాలుగేళ్లయింది.

తెల్లారి లేచి టిఫిన్ డబ్బాలో బగారన్నం, కూర పెట్టుకున్నాను. బల్ల మీది ఎనిమిది నాప్‌కిన్లలో ఒకటి తీసి జేబులో పెట్టుకున్నాను. మొదటి బస్సెక్కి బోధన్‌లో దిగి, ఆటోలో ఊరికి పోయాను. భోజన్న పసుపు మడికి నీళ్లు పెడుతున్నాడు. నేను తెంపిన చోటే, గట్టు మీద నిలబడ్డాను.

"భోజన్నా."

"ఊఁ."

"గట్టు నేనే తెంపిన. తప్పయింది."

పార ఆపి నా వంక చూశాడు.

"గీ నాలుగు మాటలకు నాలుగేండ్లా? ఏడాదికొక్కటి జమజేసినవా ఏందిరా?"

నేను గుడ్డ తీసి అతని భుజం మీద వేశాను. దాన్ని రెండు వేళ్లతో పట్టి చూశాడు.

"మళ్ల అడుగుతరేమో సూడు. ఫోటో దిగుడు అయిపోయిందా?"

"అయింది."

గట్టు మీద కూర్చుని డబ్బా మూత తీశాం. ఇద్దరికీ కలిపి ఒకటే డబ్బా. భోజన్న చెయ్యి అడ్డం పెట్టాడు, నేను వేళ్ల సందులోంచి వేశాను. తిన్నాక అతను కాలువలో చెయ్యి కడుక్కుని, భుజం మీది గుడ్డతో మూతి తుడుచుకున్నాడు. ఈ క్రిస్మస్‌కు నాప్‌కిన్‌తో మూతి తుడుచుకున్న మనిషి నాకు కనిపించింది అతనొక్కడే.