కష్టభత్యం మాస్టారు

ఒక పెద్ద అడవిలో జరిగిందిది. అక్షరం కూడా కల్పించలేదు, నాకు మిగిలిన రెండు పళ్ళ మీద ఒట్టు. ఆ అడవి చివరి గుట్ట ఎంత దూరమంటే, పొద్దున బయల్దేరిన కాకి అక్కడ వాలేసరికి తాతయిపోయేది.

ఆ గుట్ట మీద ఒక బడి. మూడేళ్ళుగా మాస్టారు లేడు. సూదమ్మ అనే ముళ్ళపందికి అదే బెంగ. పెద్దకొడుకు ఉచ్చుకీ తీగకీ తేడా తెలియక వేటగాడి పాలయ్యాడు. ఇక మిగిలింది కూతురొక్కతే. బడిలో చెప్పే మొదటి పాఠమే ఉచ్చుల పాఠం.

సింహం కొలువులో గడ్డం గోక్కుని గోక్కుని ఓ పథకం తీసింది. "గుట్ట బడికెళ్ళే మాస్టారికి జీతం మీద రెండు గంపల ఇప్పపూలు. దారి లేకపోతే ఇంకో గంప. నీళ్ళు లేకపోతే మరో గంప. దీని పేరు కష్టభత్యం!"

వారం తిరక్కుండా కొండముచ్చు మాస్టారు దిగాడు. సూదమ్మకి సంతోషంతో ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి.

"ఎంత ముళ్ళకంపలో పడి వచ్చారో బాబూ!" అంటూ గుట్ట మీది జంతువులన్నిటినీ పోగేసి, మూడు రోజుల్లో దారి చదును చేయించింది. నీళ్ళకి చెలమ తవ్వించింది.

"ఇక మీకే లోటూ లేదు మాస్టారూ."

మాస్టారు గుండె పట్టుకుని కూలబడ్డాడు. "ఎంత పని చేశావమ్మా! నా దారి గంపా, నీళ్ళ గంపా రెండూ తన్నేశావు కదా!"

తనిఖీకొచ్చిన నక్క దారిని తోకతో కొలిచి, చెలమలో మూతి కడుక్కుంది. "ఇక్కడ కష్టమేదయ్యా? అత్తారిల్లులా ఉంది. భత్యం మొత్తం రద్దు!"

ఉచ్చుల పాఠం మొదలు కాకుండానే మాస్టారు మూట కట్టాడు. కొత్త దారినే పోతూ, దారి మాత్రం బ్రహ్మాండంగా ఉందన్నాడు.

సూదమ్మ నక్క కాళ్ళ మీద పడింది. "ఏం చేస్తే ఇంకో మాస్టారొస్తాడయ్యా?"

"కష్టం చూపించండి."

చూపించారు. చెలమ పూడ్చి, నీళ్ళకి తామే ఆమడ దూరం నడిచారు. దారి మీద బండలు దొర్లించి, ముళ్ళకంప అడ్డం వేశారు. చీమ కూడా పక్కకి తిరిగి నడవాల్సొచ్చింది. నక్క కిందనుంచే తలెత్తి చూసి, "భేష్! దీనికి నాలుగు గంపలేం చాలతాయి, ఆరు గంపల కష్టం!" అంది.

ఆరు గంపలనగానే సింహం బావమరిది, చిరుతగారు, ఆ ఉద్యోగం వేయించుకున్నాడు. గుట్ట కిందదాకా వచ్చి, కంప చూసి, వెనక్కి తిరిగాడు.

నక్క రాసింది: "దారి లేనందున మాస్టారు బడికి చేరలేకపోతున్నారు. ఇంతకు మించిన కష్టం లేదు గనుక ఏడో గంప మంజూరు."

"మరి పాఠమో?" అంది సూదమ్మ.

"ఆయనంత కష్టంలో ఉంటే పాఠమంటావేం తల్లీ? నీకు మనసుందా?"

మర్నాడు కంపల్లో నడుస్తూ కూతురు టక్కున ఆగింది. "అమ్మా, కాలి కిందున్నది ఉచ్చా, తీగా?"

సూదమ్మ మాత్రం ఏ బడికెళ్ళింది గనక! "కాలు దించకే! మాస్టారొచ్చాక అడుగుదాం."

పిల్ల ఇప్పటికీ మూడు కాళ్ళ మీదే నిలబడి ఉంది.

నీతి: మాస్టారిని సుఖపెట్టిన ఊళ్ళో మాస్టారు ఉండడు, కష్టపెట్టిన ఊరికి అసలు రాడు.

సరే మనవడా, కథ వింటూ కూర్చున్నది చాలు. మన బడిదాకా వెళ్ళి మాస్టారొచ్చాడేమో చూసి రా. వస్తే మాత్రం కుర్చీ వెయ్యకు, సుఖంగా ఉన్నాడని ఎవరైనా రాసేస్తారు.