సగం మానిటరే సుఖం

మీ ఇంట్లో కంప్యూటర్ మానిటర్ పాడైందా? అభినందనలు! రిపేరు మాట మాత్రం ఎత్తకండి.

అనుభవంతో చెబుతున్నాను. మా మానిటర్ మినుకు మినుకుమంటుంటే మా బావమరిది, పాత టీవీకి చేసే వైద్యమేగా అని, దాని నెత్తిన ఒక్కటిచ్చాడు. మినుకులు ఆగిపోయాయి. వాటితోపాటు కుడివైపు సగం తెర కూడా నల్లబడి ఊరుకుంది!

“పోనీలే బావా, సగం మిగిలిందిగా” అన్నాడు తాపీగా కాఫీ తాగుతూ.

ఆ సగంతోనే నేను ఇంట్లో కూర్చుని ఉద్యోగం వెలగబెడుతున్నాను. ఎంత హాయో చెప్పమంటారా? మీటింగుల్లో మా మేనేజరుగారి మొహం సరిగ్గా ఆ చీకట్లో పడుతుంది. ఆయన కళ్లెర్రజేసినా నాకు తెలియదు. పెద్ద పెద్ద పట్టికల్లో సగం గళ్లు కనబడవు కాబట్టి సగమే సరిచూస్తాను. ఆఫీసులో ఇంతవరకూ ఎవరైనా తేడా కనిపెట్టారా? లేదు!

అసలు మహిమ సాయంత్రం చూడాలి. ఆరింటికి మా అమ్మాయి అదే బల్ల మీద, కీబోర్డు పక్కన, చదరంగం పరుస్తుంది. మేనేజరుగారికీ సరిగ్గా అప్పుడే ఏదో “చిన్న పని” గుర్తొస్తుంది. ఇదివరకు ఆ చిన్న పని అయ్యేసరికి పిల్ల బంట్ల మధ్యే తల పెట్టుకుని నిద్రపోయేది. ఇప్పుడో? “కుడివైపు కనబడటం లేదు సార్” అంటాను. “సరే, రేపు చూద్దాంలే” అంటారు! ఉద్యోగంలో చేరాక ఆ మాట వినడం ఇదే మొదలు. మొన్న మా అమ్మాయి నా మంత్రిని కొట్టేసి ఇల్లెగిరిపోయేలా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో!

మా ఆవిడ మాత్రం ఊరుకోలేదు. “కళ్లు పోతాయండీ, బాగు చేయించండి” అని పోరి పోరి మెకానిక్‌ని పిలిపించింది. “తేలిగ్గా బాగవుతుంది సార్” అన్నాడతను. బాగవకుండా ఏదైనా ఉపాయం ఉందా అని అడిగితే, నావంక అదోలా చూసి సంచి సర్దుకున్నాడు.

ఇలా నెగ్గుకొస్తుంటే, నా అవస్థకి మేనేజరుగారి మనసు కరిగింది. ఇవాళ ఆఫీసు నుంచి కొత్త మానిటర్లు వచ్చాయి. ఒకటి కాదు, రెండు! “ఇక మీకే ఇబ్బందీ ఉండదు” అని ఫోన్ కూడా చేశారు. ఎంత దయ! రెండోదానికి బల్ల మీద చోటు చాలక చదరంగం తీసి బీరువా మీద పెట్టాం.

ఆరైంది. రెండు తెరల నిండా చిన్న పనులే, ఏ మూల చూసినా స్పష్టంగా కనబడుతున్నాయి. మా అమ్మాయి వచ్చి నా కుర్చీ వెనక నిలబడింది. బల్లని చూసింది. బీరువా పైకి చూసింది.

“నాన్నా, మామయ్యని ఒకసారి రమ్మననా?”