వాయిదాలు మిగిలిన మనిషి

ఇంటి అప్పు తీరేదాకా సహ రుణగ్రహీత చచ్చిపోయినా వెళ్లిపోవడానికి వీల్లేదు కాబట్టి, తన పెద్దకర్మ అయిన మర్నాడు భ్రమరాంబ ఎప్పటిలాగే బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి డ్యూటీకి వెళ్లింది. క్యారేజీ మాత్రం వంటింట్లో మేకుకే వదిలేసింది.

వీధిలో ఎవరూ వింతగా చూడలేదు. ఆ కాలనీలో ఇళ్లన్నీ అప్పు మీద లేచినవే. పొద్దున బస్సు కోసం నిలబడేవాళ్లలో ఉన్నవాళ్లెవరో, పోయినవాళ్లెవరో కండక్టరు పట్టించుకోడు. అందరికీ ఒకటే టికెట్టు. ఫ్యాక్టరీ సూపర్‌వైజరైతే సంతోషించాడు. పోయినవాళ్లు టీకి లేవరు, జ్వరమని సెలవడగరు.

ఆమె మొగుడు కోటిలింగం మిర్చి యార్డులో కాటా వేస్తాడు. సంగతి కనుక్కుందామని బ్యాంకుకు వెళ్లాడు. లోన్ల సీట్లో ఉన్న ప్రవల్లిక ఓపిగ్గా చెప్పింది.

"మీది స్థిర వడ్డీ సార్. రేటు మారదు, గడువూ మారదు. ఆఖరి వాయిదా కట్టిన సాయంత్రం మేడం వెళ్లిపోవచ్చు. మొత్తం ముందే కట్టేస్తే ఆ రోజే వెళ్లొచ్చు."

"రెండో రకం ఉందన్నారుగా?"

"చలన వడ్డీ. అందులో రేటు పెరిగితే వాయిదా పెంచం, గడువు పెంచుతాం. మేడం ఇంకొన్నేళ్లు ఉంటారు. తగ్గితే తొందరగా వెళ్తారు."

"మరి బీమా చేయించుకున్నోళ్లు?"

"వాళ్లను బీమా కంపెనీ వెంటనే విడిపిస్తుంది సార్. మీరే వద్దన్నారు."

నిజమే, వద్దన్నాడు. శంకుస్థాపన రోజే లోను సంతకాలు పడ్డాయి. బీమా కాగితం దగ్గర సంతకం పెట్టమని భ్రమరాంబ మోచేత్తో పొడిచింది. కొబ్బరికాయ కొట్టిన చేత్తో చావు కాగితం ముట్టుకోనన్నాడు కోటిలింగం. "శుభమా అని ఇల్లు కట్టుకుంటుంటే చావు మాటేంటే?" అని అందరి ముందూ కసిరాడు.

భ్రమరాంబ ఇప్పుడు తినదు, పడుకోదు. డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఒక సాయంత్రం లేచి పుట్టింటివాళ్లిచ్చిన గాజులూ, అర ఎకరం కాగితాలూ తెచ్చి మంచం మీద పెట్టింది.

"ఇయ్యి అమ్మి కట్టెయ్యి. నన్ను పంపించెయ్యి. కాళ్లు లాగుతున్నాయి."

"పోయినోళ్లక్కూడా లాగుతాయేంటే?"

"లాగుతాయి. నీకూ తెలుస్తుందిలే."

మర్నాడు కోటిలింగం వాటిని సంచిలో వేసుకుని బ్యాంకుకు వెళ్లాడు. సంచి ఒళ్లో పెట్టుకుని, లోను చలన వడ్డీకి మార్చమన్నాడు.

"రేట్లు పెరిగేలా ఉన్నాయి సార్. ఆలోచించుకోండి."

"అందుకే మార్చమంటున్నా."

నిబంధన ప్రకారం సహ రుణగ్రహీత సంతకం తప్పనిసరి. పోయినవాళ్లు అభ్యంతరం చెప్పుకోవడానికి మాత్రం కాగితంలో చోటు లేదు. కబురందుకుని భ్రమరాంబ ఫ్యాక్టరీలో పర్మిషన్ పెట్టి వచ్చింది. మొగుడి ఒళ్లో సంచి మూతి విప్పకుండా ఉండటం చూసింది.

"ఎందుకయ్యా?"

"నువ్వెళ్లిపోతే ఆ ఇంట్లో ఒక్కణ్ణే ఉండాల."

"నా మీద ప్రేమా, నా జీతం మీదా?"

కోటిలింగం సంచి దగ్గరికి లాక్కున్నాడు. "రెండూ," అన్నాడు.

భ్రమరాంబ చూపించిన చోటల్లా సంతకం పెట్టింది.

"లోను మారుతోంది కాబట్టి సార్‌కి బీమా ఇప్పుడు తీసుకోవచ్చు," అంది ప్రవల్లిక. "ఇద్దరూ ఒప్పుకోవాలి. ఇందులో పోయినవాళ్ల మాట కూడా చెల్లుతుంది. అనుభవం ఉన్నది వాళ్లకేగా."

ఈసారి కోటిలింగం శుభం, అశుభం అనలేదు. గబగబా పెన్ను మూత తీశాడు.

"వద్దులే అమ్మాయ్," అంది భ్రమరాంబ. "శుభమా అని లోను మార్చుకుంటుంటే చావు మాటేంటి?"

ప్రవల్లిక బీమా కాగితాన్ని కొట్టేసి, తర్వాతివాళ్లను రమ్మంది. తర్వాత ఉన్నది కొత్తగా పెళ్లైన జంట. ఫ్లాటు కొనుక్కుంటున్నారట, చేతిలో మిఠాయి పొట్లం ఉంది.

ఆ నెలలోనే రేటు పెరిగింది. టీవీలో చెబుతుంటే ఇద్దరూ పక్కపక్కన కూర్చుని విన్నారు. వార్తలయ్యాక భ్రమరాంబ సుత్తి తెచ్చి, వంటింట్లో తన క్యారేజీ పక్కనే మొగుడిదానికి ఇంకో మేకు కొట్టింది.

కోటిలింగం లేచి వచ్చాడు. మేకు గట్టిగా దిగిందో లేదో ఒకసారి లాగి చూశాడు.