చిల్లుకు హక్కుదారులు

తూర్పు టెక్సస్‌లోని ఆ చిన్న ఊళ్ళో, కోర్టు ఎదుటి వీధిలో అందరికన్నా ఎక్కువ కష్టపడేవి ఖాళీ గదులు. ఒక్కో తలుపు మీద ఒక్కో సంస్థ పేరున్న ఇత్తడి పలక, లోపల ఒక కుర్చీ, ఒక ప్లాస్టిక్ మొక్క. ఆ సంస్థలు ఏమీ తయారు చెయ్యవు. పేటెంట్లు కొనుక్కుని, తయారు చేసేవాళ్ళ మీద దావాలు వేస్తాయి. అలాంటివాళ్ళను ఈ కోర్టు కన్నబిడ్డల్లా చూస్తుందని పేరు. ఆ ప్రేమ దక్కాలంటే ఊళ్ళో చిరునామా ఉండాలి. దేశప్రగతికి ఊరు చేస్తున్న సేవ అది.

ఆ సేవలో వెర్నా స్టబుల్‌ఫీల్డ్‌కూ పాలుంది. భర్త పోయాక డోనట్ల దుకాణం ఒంటిచేత్తో నడుపుతూ, మేడమీద గది అలాంటి ఒక సంస్థకు ఇచ్చింది. అంత మంచి అద్దెదారు ఎవరికి దొరుకుతాడు? నీళ్ళు వాడడు, గోడకు మేకు కొట్టడు, అసలు ఉండడు. ప్లాస్టిక్ మొక్క మీద దుమ్ము కూడా ఆమే దులిపేది. కారుతున్న ఇంటికప్పులో ముందువైపు సగం బాగుచేయించింది ఆ అద్దెతోనే.

ఒక ఉదయం ఆ సంస్థ లాయరు థాడ్ వైన్‌గార్ దుకాణానికి వచ్చి, రోజూ కూర్చునే చోటే కూర్చుని, డోనట్లు తిని, మూతి తుడుచుకుని, ఆమె చేతిలో దావా కాగితం పెట్టాడు. ‘చుట్టూ తినదగిన పదార్థం ఉండి మధ్యలో ఏమీ లేకపోవడం’ అనే ఆవిష్కరణ మీద సర్వహక్కులూ సంస్థవేనట. ఏమీ చెయ్యనివాళ్ళకు ఏమీ లేనిచోటు చెందడంలోని న్యాయం ఎవరికైనా అర్థమవుతుంది.

“మధ్యలో ఏం లేదు కదా బాబూ, ఇంక నేను తీసుకున్నదేమిటి?” అంది వెర్నా.

“ఆ ఏం లేనిదే మాదమ్మా,” అన్నాడు థాడ్ మర్యాదగా. “రేపటికి దాల్చినచెక్కవి కాసిని పక్కన పెట్టించండి.”

సంస్థ కోరిక రెండు రకాలు: ఇన్నాళ్ళూ వేసిన చిల్లులకు పరిహారం, ఇకమీదట చిల్లు వెయ్యకుండా శాశ్వత నిషేధం. పరిహారమైతే ఎలాగో కట్టి నెట్టుకురావచ్చు. నిషేధమే వస్తే దుకాణం మూతే. తీర్పు చెప్పేదాకా చిల్లులు ఆపమని కోర్టు తాత్కాలికంగా ఆజ్ఞాపించింది. చట్టం మాట జవదాటని వెర్నా చిల్లు లేకుండానే నూనెలో వేసింది. గారెకు చిల్లెందుకు పెడతామో తెలిసిన ఇల్లాళ్ళకు తర్వాతి సంగతి చెప్పనక్కర్లేదు. అంచులు ఎర్రగా మాడేవి, మధ్యలో పచ్చిపిండి జారేది. అలవాటు మానలేని ఊరు వాటినే తిని పొట్టలు పట్టుకు తిరిగింది.

విచారణ రోజున, ఆమె డోనట్ ఎన్నడూ తిననివాళ్ళు జూరీకి దొరకలేదు. ఆ పొద్దున తిననివాళ్ళతో సరిపెట్టారు. దాణా కొట్టు డ్యూయీ ప్రాట్ వాళ్ళకు పెద్ద.

డబ్బుతో పూడని నష్టం చూపిస్తే తప్ప నిషేధం ఇవ్వనన్నారు జడ్జి బర్క్‌హాల్టర్. థాడ్ లేచి నిలబడ్డాడు. తన సంస్థ పుట్టిన నాటినుంచీ నిష్ఠగా ఏమీ తయారు చెయ్యకుండా వస్తోందనీ, వెర్నా ఒక్కో డోనట్ వేసినప్పుడల్లా ఆ నిష్ఠకు ఏ డబ్బూ మాన్పలేని మనస్తాపం కలుగుతోందనీ ఉపన్యసించాడు. అతని గుమాస్తాలు కళ్ళు ఒత్తుకున్నారు.

ఉపన్యాసం నడుస్తుండగా జడ్జిగారు మాటిమాటికీ లోపలికి వెళ్ళివచ్చారు. పొద్దున ఆయన తిన్నదీ చిల్లు లేనిదే.

“నిషేధం ఇచ్చేముందు ప్రజాహితం కూడా చూడమంది చట్టం,” అన్నారు నుదుటి చెమట తుడుచుకుంటూ. “పొద్దుటినుంచీ నేను చూస్తున్నదదే. నిషేధం లేదు. వెర్నమ్మా, నువ్వెళ్ళి చిల్లు వెయ్యి.”

కోర్టు చప్పట్లతో మారుమోగింది.

ఇక పరిహారం తేల్చాల్సింది జూరీ. వెర్నా అంటే వాళ్ళందరికీ ప్రాణం. కాకపోతే సంస్థ పూర్తిగా ఓడితే లాయర్లు పక్క జిల్లాకు తరలిపోతారు. వాళ్ళతో నిండే డ్యూయీ బావమరిది లాడ్జి ఏం కావాలి? ఖాళీ గదులు నిజంగానే ఖాళీ అయిపోవూ? అందుకని చిల్లుకింతని ఎప్పటికీ కడుతూ ఉండమన్నారు. దుకాణం నిలిచింది కనక ఇది వెర్నా గెలుపేనని డ్యూయీ ఊరంతా చాటాడు.

మర్నాడు దుకాణం బోర్డు మీద డోనట్‌కు ఒక ధర, చిల్లుకు వేరే ధర కనిపించాయి.

“నేను తినేది చుట్టూ ఉన్నది కదా వెర్నమ్మా, మధ్యలోదానికి నేనెందుకివ్వాలి?” అన్నాడు డ్యూయీ.

“ధర కట్టిన పెద్దమనిషివి నువ్వే కదయ్యా. తిను,” అంటూ పొగలు కక్కే కాఫీ పోసింది.

అంతలో చంకలో ఇత్తడి పలక, చేతిలో ప్లాస్టిక్ మొక్కతో ఒక కొత్తమనిషి లోపలికి వచ్చి, వెనకగది అద్దెకిస్తారా అని అడిగాడు.

“మీ పేటెంటు దేనిమీద నాయనా?”

“వేడి పానీయాన్ని నోటిగాలితో చల్లార్చడం మీదండీ.”

వెర్నా ఒకసారి తలెత్తి, ఇంకా కారుతున్న వెనక సగం కప్పు వైపు చూసింది. మేకుకు వేలాడుతున్న తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టింది.

డ్యూయీ కాఫీ కప్పు పెదవుల దాకా తెచ్చి, ఊదబోయి, ఆగిపోయాడు.