సిద్ధిరాములు సారు అరవై నాలుగో మాట

ఎల్లారెడ్డిలో రిటైరైన సిద్ధిరాములు సారు పదకొండేళ్లు కూర్చుని సొంతంగా ఒక భాష కట్టాడు. అందులో అన్నానికి మాట లేదు, చుట్టానికి మాట లేదు. కదలికలకు మాత్రం అరవై మూడున్నాయి. బురదలో జారుతూ పోవడానికి ఒకటి, వెనక్కి చూసుకుంటూ పోవడానికి ఒకటి. బండెక్కి పోయి తిరిగొస్తే ‘గిరమ’. బండెక్కి పోవడమే గాని తిరిగిరావడం నమ్మకం లేకపోతే ‘గిరటి’. లోకంలో ఈ భాష వచ్చినవాళ్లు ఇద్దరే. రెండో మనిషి ఆయన భార్య కమలవ్వ. ఆ భాషలో పిలవందే సారు స్నానానికి లేవడు మరి.

2011లో ఒక పొద్దున సారు తెల్లచొక్కా తొడిగాడు. కామారెడ్డి కాలేజీలో పద్మలత మేడం ఆయన భాషను పది నిమిషాలు వింటానన్నది.

“పదకొండేండ్లకు ఒక్కరు వింటమన్నరు,” అన్నాడు సారు.

“మంచిది. పోయొస్త అని చెప్పి గడప దాటు,” అన్నది కమలవ్వ.

“ఎట్ల చెప్త? తెలంగాణ కోసం రోజుకో రాస్తారోకో అయితుంది. బస్సు తిరిగొస్తదని నాకేం నమ్మకం? నా భాషల అబద్ధానికి జాగ లేదు.”

“పీనుగ సుత ‘పోతున్న’ అనదు, సారూ.”

ఆమె నల్లా దగ్గరికి పోగానే సారు తలుపు పక్కన పలక మీద ‘గిరటి’ అని రాసి బస్సెక్కాడు.

కమలవ్వ వచ్చి చదివి బిందె వదిలేసింది. పక్కింటి హన్మండ్లు ఉరికొచ్చాడు. “ఏం రాసిండే అక్కా?”

“బండెక్కి పోయిండంట. తిరిగొచ్చుడు నమ్మకం లేదంట.”

హన్మండ్లు వాకిట్లో చెప్పేసరికి సారు ఇల్లు విడిచాడు. కిరాణం దుకాణం దాటేసరికి సన్నాసుల్లో కలిశాడు. బస్టాండు చేరేసరికి దుబాయి విమానం ఎక్కాడు. ఇన్ని నోళ్లు అన్నాక కమలవ్వకూ నిజమే అనిపించింది. “మొన్న ఉప్మాల ఉప్పెక్కువైందన్నడు. నేనే సమజ్ చేసుకోలే,” అని ఏడ్చింది. ఎదురింటి భీమేష్ కామారెడ్డికి ట్రాక్టర్ తీశాడు. పందొమ్మిది మంది ఎక్కారు.

అవతల లింగంపేట దగ్గర బస్సు రాస్తారోకోలో ఆగిపోయింది. సారు రెండు గంటలు కూర్చుని, చాలనుకుని చేన్లగట్ల మీదుగా ఇంటికి నడక పట్టాడు. ట్రాక్టర్‌ను మాత్రం ఎవరూ ఆపలేదు. నమ్మితే నమ్మండి, కమలవ్వ ఏడుపు విని పీనుగ బండి అనుకుని దారిచ్చారు.

“మా సారేడమ్మా? గిరటి అని రాసి పోయిండు,” అన్నది కమలవ్వ కాలేజీలో.

“ఆయన రానేలేదు. గిరటి అంటే ఏంది?” అన్నది మేడం.

గిరటి చెప్పాలంటే గిరమ చెప్పాలి. గిరమ చెప్పాలంటే మిగతావీ చెప్పాలి. కమలవ్వ కళ్లు తుడుచుకుని మొదలుపెట్టింది. ఆమె మాట చెప్తుంటే హన్మండ్లు బల్లల మధ్య జారి చూపించాడు, భీమేష్ కుంటుతూ నడిచి చూపించాడు. పది నిమిషాలు గంటన్నర అయింది. మేడం శాలువా తెప్పించి కమలవ్వకు కప్పింది.

సాయంత్రం ట్రాక్టర్ దిగేసరికి సారు తాళం ముందర వాచిన కాళ్లు పట్టుకుని కూర్చున్నాడు.

“ఏడికి పోయినవే?” అన్నాడు, అచ్చ తెలుగులో.

“నీ పది నిమిషాలకు.”

సారు శాలువా వంక చూశాడు. కమలవ్వ ‘గిరటి’ని కొంగుతో తుడిచి, అరవై నాలుగో మాట తానే రాసింది. ‘సిద్దిర’: ఒకరు బయలుదేరితే ఇంకొకరు చేరుకోవడం.

అందులో తప్పు దొరుకుతుందేమోనని సారు చాలాసేపు వెతికాడు.