లాన్‌వెరిన్ పేట సరిహద్దు నడక

"సరిహద్దు అంటే గీత కాదు, నాగరికత!" అని లాన్‌వెరిన్ పేట కౌన్సిల్ అధ్యక్షులు ఇద్వాల్ ప్రోసర్ గారు ప్రకటించారు. సభలో ఉన్న ఏడుగురు సభ్యులూ తలలూపారు. అందులో ఇద్దరు నిద్రలో ఊపారు.

వేల్స్ దేశపు ఆ సముద్రతీర నగరంలో రోడ్లు, బడులు, చెత్తబండ్లు అన్నీ నగర కౌన్సిల్ చేతిలో ఉంటాయి. దాని కింద పేటకొక కౌన్సిల్. లాన్‌వెరిన్ పేట కౌన్సిల్ ఏలుబడిలో మూడు బెంచీలు, ఒక నోటీసు బోర్డు, రెండు పూలతొట్లు, ఇరవై నాలుగు కూరమళ్లు ఉన్నాయి. రాజ్యం చిన్నదే గానీ రాజుగారు పెద్దవారు. వెండి పతకాల పదవీహారం మెడలో వేసుకుని ఆయన రొట్టె కొనడానికి కూడా వెళ్లేవారు.

కాలువకి అవతల పాంట్‌గ్లో పేట. అక్కడా ఇలాంటి ఇళ్లే, అక్కడా ఇదే వాన. అయినా ఇద్వాల్ గారు దాన్ని పేరుపెట్టి పిలిచేవారు కాదు. 'అటువైపు' అనేవారు.

ఆ ఏడాది నగర కౌన్సిల్ నుంచి కాగితం వచ్చింది, పేటలన్నీ తమ సరిహద్దులు సరిచూసుకుని నివేదిక పంపాలని. ఇద్వాల్ గారికి పండగే అయింది. ఎందుకంటే కూరమళ్లలో ఆయనది నాలుగో మడి, డెబ్బై ఎనిమిదేళ్ల నెస్టా మాడక్‌ది ఐదో మడి. ఇద్దరూ లీక్ ఉల్లి పండిస్తారు, గడ్డ కోసం కాదు, కాడ కోసం. సెప్టెంబరు పోటీలో మూడేళ్లుగా కప్పు ఐదో మడికే పోతోంది. నెస్టా ఉల్లికాడలు మోచేతంత లావు. ఇద్వాల్ గారివి కాస్త మర్యాదస్తుల మణికట్టంత.

ఇక ఆయన కాలువ గట్టున నిలబడి చూస్తే కనిపించిందేమిటి? నెస్టా ఇల్లు అటువైపు ఉంది!

నెస్టాకి నోటీసు వెళ్లింది. ఆవిడ చేతిసంచీతో సహా సభకి వచ్చింది.

"యాభై రెండేళ్లుగా ఆ మడి దున్నుతున్నాను నాయనా. ఇవాళ నేను పరాయిదాన్నయ్యానా?"

"నెస్టమ్మా, ఇది నా మాట కాదు, రూలు మాట. మడులు పేటవాళ్లకే."

"ఇల్లు అవతలున్నా మా గేటు ఇటే ఉందిగా. చిన్న వంతెన దాటితే మీ వీధే."

"గేటుతో పనేముందండీ? మనిషి రాత్రిపూట తల ఎక్కడ వాలిస్తే అదే చిరునామా. ఎమ్లిన్, రాసుకో."

గుమాస్తా ఎమ్లిన్ రాసుకున్నాడు. అది అతని ఉద్యోగం.

అలాగని ఇద్వాల్ గారు దయలేనివారు కాదు. బయటివాళ్లు దయాభిక్ష కింద ఏడాదికోసారి దరఖాస్తు పెట్టుకోవచ్చని ఆయనే తొమ్మిది గడుల ఫారం తయారుచేశారు. ఏడో గడిలో 'పేట వెలుపల నివసించవలసి రావడానికి కారణం' అని ఉంటుంది. దాని మీద మడులవాళ్లలో అందరికంటే పాతవారు సంతకం పెట్టాలి. నెస్టా బయటిదైపోతే ఆ పాతవారు ఇద్వాల్ గారే. అంతా పద్ధతిగా ఉంది.

నెస్టా ఫారం మడిచి సంచీలో పెట్టుకుంది.

"కాలువే సరిహద్దని ఎక్కడుంది నాయనా?"

"పురాతన పటంలో ఉంది."

"అయితే పటం పట్టుకుని నడుద్దాం. నా చిన్నప్పుడు మే నెలలో పెద్దవాళ్లు కర్రలతో హద్దురాళ్లని కొట్టుకుంటూ పేట చుట్టూ నడిచేవాళ్లు. అది మానేశాకే ఈ గొడవలు."

ఇద్వాల్ గారి కళ్లు మెరిశాయి. సంప్రదాయం, ఊరేగింపు, పత్రికవాళ్ల ఫొటో, మెడలో హారం! ఆయన అక్కడికక్కడే తీర్మానం చెప్పి రాయించారు. "పటంలో గీత ఎటు పోతే అటే నడక. ఒక్క అడుగు కుడికి లేదు, ఎడమకి లేదు. అడ్డం ఏదొచ్చినా సరే."

మే నెల శనివారం, సన్నగా తుంపర. కౌన్సిల్ సభ్యులతో కలిపి ముప్పై మంది కర్రలతో బయల్దేరారు. ముందు హారం, హారం వెనక ఇద్వాల్ గారు. పక్కన ఎమ్లిన్, దస్తావేజుల భవనం నుంచి ఆ పొద్దున్నే తెచ్చిన నూట నలభై ఏళ్లనాటి పటం నకలుతో. అందరూ పటం పేరు చెప్పి వాదించినవాళ్లే గానీ, దాన్ని విప్పి చూసిన పాపాన ఎవరూ పోలేదు.

అరమైలు దాకా గీతా కాలువా కలిసే నడిచాయి. ఇద్వాల్ గారి ఇంటి పెరడు దగ్గరికి రాగానే ఎమ్లిన్ ఆగిపోయాడు.

"సార్, కాలువ అటు తిరిగింది. గీత తిన్నగా పోతోంది."

"గీతే ప్రమాణం. నడు."

"గీత మీ ఇంట్లోకి పోతోంది సార్."

"పటం తిరగేసి పట్టుకున్నావేమో చూడు."

ఎమ్లిన్ తిప్పి పట్టుకున్నాడు. ఇల్లు తలకిందులైంది గానీ గీత మాత్రం ఇల్లు వదల్లేదు.

"ఒక్క అడుగు కుడికి లేదు, ఎడమకి లేదన్నావుగా," అంది నెస్టా వెనకనుంచి. పత్రికాయన కెమెరా ఎత్తాడు. ఇద్వాల్ గారు వచ్చిన దారికేసి ఓసారి చూశారు. అయినా హారం మెడలో ఉంది కదా, వెనక్కి తిరగడం బాగుండదు. ఆయనే వెళ్లి పెరటి తలుపు తట్టారు.

పెనం మీద వెల్ష్ కేకులు కాలుస్తున్న భార్య ఒల్వెన్ తలుపు తీసింది. ముప్పై జతల బురద బూట్లని చూసింది.

"ఏమండీ, వీళ్లంతా ఎక్కడికి?"

"సరిహద్దు వెంబడి," అన్నారాయన నీరసంగా.

సరిహద్దు పొయ్యికీ ఫ్రిజ్‌కీ మధ్యనుంచి పోయి, పడకగదిలో దూరి, మంచాన్ని అడ్డంగా కోసింది. ఎమ్లిన్ టేపు పెట్టి కొలిచాడు, మళ్లీ కొలిచాడు.

"సార్, కాళ్లు లాన్‌వెరిన్‌లో ఉన్నాయి. తలగడ అటువైపు పడింది."

"మంచం తిప్పేద్దాం."

"ముప్పయ్యేళ్లుగా తిప్పమంటే తిప్పారా? ఇప్పుడు తిప్పితే ఊరుకోను," అంది ఒల్వెన్.

"అసలు కాలువ ఇక్కణ్ణుంచి లేచి నడిచిపోయిందా ఏమిటి?" అని ఇద్వాల్ గారు గద్దించారు.

"నడవలేదు. మీ నాన్న నడిపించాడు," అంది నెస్టా. "ఈ వెనక గదులు కట్టుకోవడానికి నలభై అడుగులు అటు తోయించాడు. తవ్వినవాళ్లలో మా ఆయనా ఉన్నాడు. ఇక్కడ తోస్తే, కింద మా ఇంటి వెనక పారే నీళ్లు ఇంటి ముందుకొచ్చి పడ్డాయి. చిన్న వంతెన వేసుకుని ఊరుకున్నాం. నీకప్పుడు పన్నెండేళ్లు. ఆ మట్టిలోనే ఆడి ఓ బూటు పోగొట్టుకున్నావు, మర్చిపోయావా?"

ఇద్వాల్ గారు మర్చిపోలేదని ఆయన చెవులు ఎర్రబడటం చూసి అందరికీ తెలిసింది. ఎమ్లిన్ పటంలో వేలు పెట్టి చూపించాడు. నెస్టా ఇల్లు గేటుతో సహా, తలగడతో సహా లాన్‌వెరిన్ పేటలోనే ఉంది.

ఇద్వాల్ గారు మంచం మీద కూలబడ్డారు. మళ్లీ లేచి, హారం సరిచేసుకున్నారు.

"మిత్రులారా, సరిహద్దులంటే ఏమిటి? ఎవరో గీసిన గీతలు. మానవత్వానికి హద్దులేమిటి?"

సభ్యులు ఏడుగురూ తలలూపారు. ఈసారి ఎవరూ నిద్రలో లేరు.

"బాగా చెప్పావు నాయనా," అంటూ నెస్టా సంచీలోంచి తొమ్మిది గడుల ఫారం తీసింది. "కానీ రూలు రూలే. నాలుగో మడి నీకు ప్రాణమని నాకు తెలుసు. రాయి, సంతకం పెట్టేదాన్ని నేనేగా."

ఇద్వాల్ గారు ఆరు గడులు గబగబా నింపారు. ఏడో గడి దగ్గర చాలాసేపు ఆలోచించి, 'ప్రకృతి వైపరీత్యం' అని రాశారు.

నెస్టా కళ్లజోడు పెట్టుకుని చదివింది. కలం మళ్లీ ఆయన చేతికే ఇచ్చింది.

"మీ నాన్న ప్రకృతా? దిద్దు."

ఆయన దిద్దారు. 'మా నాన్నగారు కాలువ జరిపారు.' నెస్టా సంతకం చేసింది.

"ఏడాదికే సుమా. వచ్చే మే నెలలో మళ్లీ పెట్టుకో. పోతే, అధ్యక్షుడు కూడా పేటవాడే కావాలి కదూ ఎమ్లిన్?"

ఎమ్లిన్ రూళ్ల పుస్తకం తెరవబోయాడు. ఇద్వాల్ గారు అక్కర్లేదన్నట్టు చెయ్యి అడ్డం పెట్టి, మెడలోంచి హారం తీశారు. దాన్ని ఎక్కడ పెట్టాలో ఒక క్షణం చూసుకుని, మంచం మీద కాళ్లవైపు జాగ్రత్తగా పెట్టారు. అది లాన్‌వెరిన్ పేట.