ముప్పై ఒకటో విల్లా బాల్కనీ

ఆదివారం తెల్లారేసరికి విశాఖ శివార్లలోని సాగరశోభ కాలనీలో ముప్పై ఒకటో విల్లాకి బాల్కనీ మొలిచింది. విచారించాల్సిన సంగతేమిటంటే, మొలిచే ముందు అది నివాసుల సంఘం అనుమతి తీసుకోలేదు.

ఆ కాలనీలో ఇళ్లు పెరగడం కొత్తేమీ కాదు. కిందటేడు ఓ ఇంటికి పొగగొట్టం వస్తే సంఘం వారు కోయించేశారు. ఇల్లు అలిగి, వానాకాలమంతా తలుపులు బిగదీసుకుని కూర్చుంది. ఇంటాయన కిటికీలోంచి దూకి ఆఫీసుకి వెళ్లొచ్చాడు. అన్ని ఇళ్లూ ఒక్కలాగే కనబడాలన్నది అక్కడి మొదటి నిబంధన మరి. నమూనా ఇంటికి తూర్పున ఉత్త గోడే ఉండడంతో, సముద్రం కూతవేటు దూరంలో ఉన్నా ఒక్క ఇంటికీ అటువైపు కిటికీ అయినా పెట్టలేదు.

బాల్కనీ వచ్చిన ఇల్లు వకుళది. అంతకుముందు ఆమె ఏళ్ల తరబడి అద్దె ఇళ్లలో పక్కింటి గోడలు చూస్తూ కాపురం చేసింది. సొంతింటికి వచ్చాక రోజూ సాయంత్రం మేడ మీది గదిలో తూర్పు గోడకి చెయ్యి ఆనించి, "ఇక్కడో బాల్కనీ ఉంటే ఎంత బాగుండేదో" అనుకునేది. ఇల్లు విన్నది. ఆదివారం పొద్దున ఆమె అక్కడ నిలబడి సముద్రాన్ని చూసి, ఒళ్లు మరిచిపోయి నవ్వింది. ఆమె భర్త శేషగిరి రెండు కుర్చీలు తెచ్చి వేశాడు. పెళ్లయ్యాక వాళ్లు అంత సంతోషంగా ఉన్న రోజు లేదు.

మర్నాడు విల్లా పేరు మీదే నోటీసు వచ్చింది. విల్లా జవాబివ్వలేదు కనుక నేరం ఒప్పుకున్నట్టే లెక్కగట్టి, శనివారం బాల్కనీ కొట్టెయ్యాలని తీర్మానించారు. ఆఖరి తనిఖీకి శుక్రవారం సాయంత్రం అధ్యక్షుడు నరహరి గారు, కార్యదర్శి కామేశం, మరో ముగ్గురు సభ్యులు వచ్చారు.

"మొలిచే ముందు ప్లాను ఇచ్చిందా అమ్మా?" అని నరహరి గారు అడిగారు.

"ఇల్లు ప్లానెలా ఇస్తుందండీ?" అంది వకుళ.

"ఇవ్వలేదని రాసుకోవయ్యా కామేశం. కాలనీ రంగు కూడా లేదు."

"పసిది కదండీ. ఇంకా రంగు తేలలేదు."

నరహరి గారు ఆ మాట ఒప్పుకున్నారు గానీ, కొట్టెయ్యక తప్పదన్నారు. వకుళకి ఏడుపొచ్చింది. అయినా ఇంటికొచ్చినవాళ్లని టీ ఇవ్వకుండా పంపడం ఆమె వల్ల కాదు. కిందికి వెళ్తే ఆ కాసేపూ సముద్రం కనబడదని, చిన్న స్టవ్వు బాల్కనీలోకే తెచ్చుకుని పాలు పెట్టింది. సభ్యులు కొలతలకి టేపు సాగదీశారు. ఎదురుగా చేపల పడవలు ఒడ్డుకొస్తున్నాయి. ఒకాయన టేపు వదిలేసి చూస్తూ నిలబడ్డాడు. తక్కినవాళ్లూ నిలబడ్డారు. పాల సంగతి వకుళ కూడా మరిచిపోయింది.

పాలు పొంగిపోయాయి.

"పొంగాయి, పొంగాయి!" అంటూ అయిదుగురూ అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టేశారు. కొట్టాక నరహరి గారి చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

"ఎటు పొంగాయయ్యా?"

"తూర్పుకేనండీ," అన్నాడు కామేశం, వంగి గిన్నె చుట్టూ చూసి. "గృహప్రవేశం అయిపోయినట్టేనండి."

సంఘం సమక్షంలో పాలు పొంగిన కట్టడం మీద ఎవరూ చెయ్యి వెయ్యరాదన్న నిబంధన స్వయంగా నరహరి గారు రాసిందే. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, ఇంట్లో కొబ్బరికాయ ఉందా అని అడిగారు. ఉంది. మిగిలిన పాలతో వకుళ పరమాన్నం వండింది. దీపాలు పెట్టే వేళయినా సభ్యులు కదల్లేదు. ఒకాయన గొంతు బాగోకపోయినా పాట పాడాడు.

బాల్కనీకి అనుమతి వచ్చింది. ఇళ్లన్నీ ఒక్కలాగే ఉండాలి కనుక, మిగతా విల్లాలు కూడా నెలాఖరుకల్లా బాల్కనీ మొలిపించుకోవాలని సర్క్యులర్ కూడా వచ్చింది. రోజూ సాయంత్రం యజమానులంతా తూర్పు గోడలకి చేతులు ఆనించి, సంఘం ఆమోదించిన వాక్యాన్ని పైకి చదివారు. ఒక్క ఇల్లూ ఉలకలేదు, పలకలేదు.

చివరికి నరహరి గారు వకుళ దగ్గరికొచ్చారు. "ఎలా అడిగావమ్మా? గట్టిగానా, మెల్లిగానా?"

"అడగడం కాదండీ. నాకు నిజంగానే కావాలనిపించింది."

ఆయన ఆ మాట కాగితం మీద రాసుకున్నారు. అలా అనిపించడానికి నిబంధనల్లో వీలు లేదని, వచ్చే సర్వసభ్య సమావేశంలో పెట్టి చూస్తానని చెప్పి ఇంటికి వెళ్లారు. సమావేశం అయ్యేదాకా ఏదీ కావాలనుకోవద్దని భార్య సుభద్రమ్మకీ చెప్పారు. ఆవిడ సరేనంది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆవిడ అలాగే ఉంటోంది.